పాత డీజిలు లారీ దారిలో ఆగుటకును, బయలుదేరకుండుటకును కారణములు కనిపెట్టు విధము

పంట పండించుట యొక యెత్తు; పండిన పంటను చెడకుండ, ధర తగ్గకముందే మార్కెటునకు చేర్చుట మరియొక యెత్తు. బాడుగ లారీల కొరకు ఎదురుచూచి విసిగిన పట్టాదారులు కొందరు పాత లారీ నొకదానిని చవుకగా కొని సొంతముగా నడుపుకొనుచున్నారు. అట్టి లారీకి కలుగు జబ్బులలో మిక్కిలి విసిగించునది యొకటి కలదు. బండి ఇరువది కిలోమీటర్లు చక్కగా నడచి, ఏ కారణమును తెలియకుండ దారిలో ఆగిపోవును. డ్రైవరు దిగి, బానెట్టు ఎత్తి, అటునిటు తట్టి, బీడీ యొకటి త్రాగి ముగించునంతలో మరల బయలుదేరును. కారఖానాకు తీసికొనిపోయినచో ఆ దినమున ఏ లోపమును కనబడదు. మరునాడు మిరప బస్తాలతో ఎనుమాముల మార్కెటునకు పోవునప్పుడు మరల నడిదారిలో ఆగును.

దీనివలన కలుగు నష్టము ఇంజనునకు మాత్రమే కాదు. నరికిన చెరకు నిలువయున్న కొలది తూకమును, తీపియు తగ్గును. టమాటాలు ఒక యెండకే మెత్తబడును. ఇట్లు ఆగెడి బండికి జరుగు వైద్యమో, తరచుగా ఊహపై జరుగును. మొదట నాజిళ్లు, పిమ్మట పంపు, అటుపిమ్మట సెల్ఫు మోటారు ఒక్కొక్కటిగా విప్పబడి సొమ్ము వ్యయమగును. ఇంత జరిగిన పిమ్మట టాంకీలోని ఎండుటాకు ఒక్కటే కారణమని తేలుటయు కలదు. కావున లారీ గల రైతు తానుగా పానా పట్టకపోయినను, కారణము నెట్లు వెదకవలెనో తెలిసికొని యుండుట లాభకరము.

ఇందు చెప్పబడునది యంత్రపు పంపుతో నడచు పాత డీజిలు లారీలను గురించి మాత్రమే. 1950కి పూర్వము మన దేశపు దారులపై తిరిగిన లారీలలో పెక్కు పెట్రోలువి. 1954లో టాటా వారు జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ వారితో కలిసి జంషెడ్‌పూరులో డీజిలు లారీలు నిర్మింప నారంభించిరి. ఆ తరువాతి పలు దశాబ్దములలో ఇచ్చట తయారైన లారీలు పెక్కు ఈ యంత్రపు పంపుతోనే నడచినవి. కంప్యూటరు ఆజ్ఞచే డీజిలు చిమ్ము క్రొత్త బండ్లకు ఈ విధము చాలదు. వానికి పరీక్షాయంత్రము వేరుగా కలదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు సాధన మేదియు లేదు. పిస్టను పైకి వచ్చి గాలిని దాని చోటులో సుమారు పదునారవ వంతునకు అదుమగా, ఆ గాలి డీజిలును అంటించునంత వేడెక్కును. ఆ క్షణముననే నాజిలు చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోల ఒత్తిడితో డీజిలును మంచువలె చిమ్మును. కనుక ఈ ఇంజనునకు కావలసినవి మూడే: చాలినంత వేగముగా త్రిప్పబడుట, గాలి, వేళకు డీజిలు. నిన్నటిదాక బరువు లాగిన ఇంజను ఒక్కసారిగా దారిలో ఆగి, పది నిమిషములకు మరల నడచినచో దాని పిస్టనులును, రింగులును అరిగిపోయినవని తలచుట తెలివి కాదు. అరుగుదల నెమ్మదిగా వచ్చును. వచ్చిన పిమ్మట పోదు. వచ్చి పోవు జబ్బు డీజిలు దారిలోనో, విద్యుత్తు తీగలలోనో యుండును.

ఇచ్చట మొదట విడదీయవలసిన సంగతి యొకటి కలదు. "బండి స్టార్టు కాలేదు" అను నొక్క మాటతో రెండు వేరు జబ్బులు చెప్పబడుచున్నవి. తాళము త్రిప్పినప్పుడు ఇంజను అసలు తిరుగకుండుట యొకటి. ఇంజను చురుకుగా తిరుగుచున్నను అంటుకొనకుండుట రెండవది. మొదటిది బ్యాటరీ, తీగలు, సెల్ఫులకు సంబంధించినది. రెండవది డీజిలునకు సంబంధించినది. ఈ భేదము మేస్త్రీకి ఫోనులో చెప్పగలిగినను సగము పని తీరినట్లే.

ఇంజను తిరుగుచు అంటుకొననప్పుడు ఒకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు సైలెన్సరు గొట్టము వైపు చూడవలెను. తెల్లని లేక బూడిదరంగు పొగ వచ్చుచున్నచో డీజిలు లోపలికి చేరుచున్నది కాని అంటుకొనుట లేదు. ఇంజను మెల్లగా తిరుగుట, గాలి అదుము తగ్గుట, చలి మొదలగునవి కారణములు కావచ్చును. పొగ లేశమైనను రానిచో డీజిలు నాజిళ్ల వరకు చేరుటయే లేదు. ఖర్చులేని ఈ పరీక్షను చేయక పంపు విప్పుట తగదు.

ఇక డీజిలు దారి. దీనిని రైతులకు బోధపరచుట కష్టము కాదు, ఏలయన చేనిలోని పంపుసెట్టు నడిపినవారికి ఈ సంగతి యంతయు ముందే తెలియును. టాంకీ బావి వంటిది. ఇంజను ప్రక్కనున్న ఫీడు పంపు టాంకీ నుండి డీజిలును పీల్చి ఫిల్టరులోనికి నెట్టును. ఫిల్టరు నుండి అది పెద్ద పంపునకు, అచ్చటినుండి సన్నని ఉక్కు గొట్టముల ద్వారా నాజిళ్లకు పోవును. మిగిలినది వేరొక గొట్టమున టాంకీకి తిరిగి చేరును. ఫీడు పంపునకు వెనుకనున్న భాగము పీల్చు దారి. ముందున్న భాగము నెట్టు దారి. నెట్టు దారిలో చిల్లి పడినచో డీజిలు బయటకు కారును, కంటికి కనబడును. పీల్చు దారిలో చిల్లి పడినచో డీజిలు కారకపోవచ్చును. దానికి బదులు గాలి లోపలికి పోవును. పంపుసెట్టు పీల్చు గొట్టమునకు సూదిమొనంత రంధ్రము పడినను నీరు ఎక్కకపోవుట ఎరుగని రైతు లేడు. లారీలో జరుగునదియు అదియే. బయట తడి లేదు గనుక గొట్టములు బాగుగనే యున్నవని చెప్పు మేస్త్రీ మాట ఇందువలననే నమ్మదగినది కాదు.

ఇట్లు గాలి చొచ్చు బండికి కొన్ని గుర్తులు కలవు. రాత్రి నిలిపిన బండి ఉదయము చాలసేపు త్రిప్పినగాని అంటుకొనదు. చేతిపంపు కొట్టినచో వెంటనే అంటుకొనును. ముందుభాగము ఎత్తుగా నుండునట్లు నిలిపిన రాత్రి ఈ బాధ హెచ్చగును, ఏలయన గొట్టములోని డీజిలు వెనుకకు, టాంకీలోనికి జారిపోవును. ఫుట్‌వాల్వు చెడిన మోటారునకు ప్రతి ఉదయము నీరు పోసి ఎక్కించుట వంటిదే యిది. టాంకీ నిండుగా నున్న దినమున బాగుగ నడచి, సగమునకు దిగినప్పటినుండి ఆగుట మొదలిడినచో టాంకీలోపలి నిలువు గొట్టమునకే పగులు ఉండవచ్చును. డీజిలు మట్టము పగులునకు క్రిందికి దిగగానే అచ్చటినుండి గాలి పీల్చబడును. ఈ చివరి లోపము బయటినుండి ఎంత వెదకినను కనబడనిది గనుక డీజిలు మట్టమును జ్ఞాపకముంచుకొనుట మిక్కిలి అవసరము.

గాలి చొచ్చు తావులు సాధారణముగా ఇవి: బోల్టుల క్రింది రాగి వాషర్లు, ఎండకు బీటలు వారిన రబ్బరు గొట్టము, మడ్డి పట్టు గిన్నె క్రింది రబ్బరు చుట్టు, సరిగా బిగింపక విడిచిన చేతిపంపు పిడి. రాగి వాషరును ఒకసారి విప్పిన పిమ్మట క్రొత్తది వేయుట మంచిది. అణాకానీ సరకని పాతదానినే తిప్పి వేయుటచే కలుగు కష్టము కొంచెము కాదు. సందేహము తీరనప్పుడు ఫిల్టరునకును పెద్ద పంపునకును నడుమ జానెడు పారదర్శకమైన డీజిలు గొట్టమును తాత్కాలికముగా అమర్చి, ఇంజను నడుచుచుండగా చూచినచో బుడగలు కంటికి కనబడును.

గాలి కాక అడ్డు కారణమైనప్పుడు గుర్తులు వేరు. బండి మొదట బాగుగ నడచును. బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు లాగు శక్తి క్రమముగా తగ్గి, దగ్గినట్లై, ఆగును. కొంతసేపు నిలిపినచో మరల నడచును. దీనికి కారణములలో అన్నిటికంటె సులభమైనది టాంకీ మూత. డీజిలు పోయిన చోటికి గాలి వచ్చుటకు మూతలోనో, టాంకీ పైభాగముననో సన్నని రంధ్రము ఉండును. దుమ్ముతోడనో, రంగు వేసినప్పుడో అది పూడిపోయినచో టాంకీలో శూన్యమేర్పడి డీజిలు రాక ఆగిపోవును. ఆగిన వెంటనే మూత విప్పవలెను. బుస్సుమని గాలి లోపలికి పోయి, పిమ్మట బండి అంటుకొన్నచో జబ్బు తెలిసినట్లే. మూత పోయినదని గుడ్డ కుక్కి నడుపువారు ఈ బాధతో పాటు గుడ్డ పీచులను కూడ టాంకీలోనికి పంపుకొనుచున్నారు.

రెండవది పైని చెప్పిన ఎండుటాకు. ఆకే కానక్కరలేదు, ప్లాస్టికు ముక్క, జిగురు పెళ్ల, పీచు ఏదైనను కావచ్చును. ఇంజను నడుచుచున్నంతసేపు అది పీల్పునకు ఈడ్వబడి గొట్టపు నోటికి అంటుకొనును, డీజిలు దారి మూసికొనును, ఇంజను ఆగును. పీల్పు లేకపోగానే అది ఊడి అడుగునకు చేరును. అందుచేతనే పది నిమిషములలో బండి బాగుపడినట్లు కనబడును. ఫిల్టరు మార్చినను, నాజిళ్లు మార్చినను ఇది పోదు. ఫీడు పంపు వద్ద గొట్టము విప్పి, టాంకీ వైపునకు గాలిని ఊదినప్పుడు మొదట బిగువుగా నుండి తటాలున బుడబుడమని వదలినచో అడ్డు అచ్చట నున్నదని గ్రహింపవలెను. అయితే ఊదుటతో జబ్బు పోదు. టాంకీని దింపి, ఖాళీ చేసి, కడిగి, నోట చేయి దూరినంతవరకు చూడవలెను.

ఈ రెండు కారణములలో ఏదియో తేల్చుటకు ఒక మేలైన పరీక్ష కలదు. ఐదు లీటర్ల శుభ్రమైన క్యానులో వడగట్టిన డీజిలు పోసి, టాంకీ గొట్టమునకు బదులు వేరొక గొట్టమును ఫీడు పంపునకు తగిలించి, ఆ క్యాను నుండియే ఇంజనును నడుపవలెను. తిరుగు గొట్టమును టాంకీకే పోనీయవచ్చును. క్యానును సైలెన్సరునకు దూరముగా, కదలకుండ త్రాటితో కట్టవలెను. ఆగు చోటును దాటి బండి ఆగక నడచినచో లోపము టాంకీలోగాని, పీల్చు గొట్టములోగాని ఉన్నది. పంపును, నాజిళ్లను ఎవ్వరును ముట్టనక్కరలేదు. క్యానుతో కూడ ఆగినచో టాంకీ నిర్దోషి. పెక్కు వేల రూపాయల సంశయమును ఒక మూర గొట్టము తీర్చు సందర్భములు ఇట్టివి.

ఫిల్టరు పూడుట అందరు నెరిగినదే. చెప్పవలసినది నీటిని గూర్చి. సగము ఖాళీగా నున్న టాంకీలో రాత్రి చలికి గాలిలోని తేమ నీరై అడుగునకు చేరును. పాత పీపాలలో నిలువచేసిన డీజిలు వలనను నీరు వచ్చును. నీరును డీజిలును కలియు అంచున సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగట పాచి పుట్టును. చెరువు గట్టున పెరుగు పాచివలె అది త్వరత్వరగా ఫిల్టరును మూసివేయును. క్రొత్త ఫిల్టరు వేసిన వారము దినములకే మరల పూడినచో తప్పు ఫిల్టరుది కాదు, టాంకీది. రాత్రి నిలుపునప్పుడు టాంకీ నింపుట, మడ్డి గిన్నెలోని నీటిని అప్పుడప్పుడు వదలుట వలన ఈ బాధ తగ్గును.

ఆగిన చోటనే ఏమి చేయవలెనో ఒక క్రమము చెప్పవచ్చును. బండిని దారి ప్రక్కకు చేర్చి, చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలెను. గాలి బ్రేకులు గల బండికి ఇంజను ఆగిన పిమ్మట గాలి నిండదు. ఉన్న గాలి తొక్కిన కొలది తరిగిపోవును. కావున ఇంజను లేకుండ పల్లమునకు జారవిడిచి స్టార్టు చేయు సాహసము బస్తాల లోడుతో ఎన్నడును చేయరాదు. పిమ్మట టాంకీ మూత విప్పి వినవలెను. తరువాత ఫిల్టరుపై నున్న గాలి మరను కొంచెము సడలించి చేతిపంపు కొట్టవలెను. నురుగుతో, బుడగలతో డీజిలు వచ్చినచో గాలి చొచ్చినది. ఏమియు రాక చేతిపంపు పిడి బిగువుగా వెనుకకు లాగబడుచున్నచో టాంకీ వైపున అడ్డు ఉన్నది. బుడగలు లేని డీజిలు ధారగా వచ్చినచో అంతవరకు దారి బాగున్నది. పెద్ద పంపు వైపు చూడవలెను. గాలి పోవువరకు కొట్టి, డీజిలు వచ్చుచుండగనే మరను బిగింపవలెను. పిమ్మట పెద్ద పంపుపైనున్న మరతోను ఇట్లే చేయవలెను. నాజిలు వద్ద కీలు సడలింపవలసివచ్చినచో చేతిని, ముఖమును దూరముగా నుంచవలెను. అంతటి ఒత్తిడితో చిమ్ము డీజిలు చర్మమును చీల్చి లోపలికి పోవును. పైకి సూదిపోటంతయే కనబడినను అది చేతిని పోగొట్టగల గాయము. అట్లు జరిగినచో నొప్పి లేకున్నను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

కొన్ని బండ్లు దగ్గుట, లాగలేకపోవుట ఏదియు లేకుండ, దీపము ఆర్పినట్లు తటాలున ఆగును. అట్టివానిలో డీజిలును ఆపు సోలినాయిడును చూడవలెను. కొన్ని రకములలో దానికి కరెంటు అందుచున్నంతవరకే డీజిలు పోవును. గతుకులో తీగ కదలి కరెంటు పోయినచో ఇంజను ఆ క్షణమే ఆగును. మరల కదలి అతికినచో నడచును. తీగ కొనను, ఫ్యూజును కదల్చి చూచుటచే ఇది తెలియును. సోలినాయిడు లేని పాత బండ్లలో ఆపు తీగను చేతితో లాగుదురు. అది తుప్పు పట్టి పూర్తిగా వెనుకకు పోనిచో ఇంజను ఎంత త్రిప్పినను అంటుకొనదు. పంపు ప్రక్కనున్న మీటను వ్రేలితో నెట్టి చూచుటకు అర నిమిషము పట్టును.

ఉదయము చలిలో ఒక్క త్రిప్పునకే అంటుకొని, మధ్యాహ్నము వేడిమీద ఆపినచో మరల అంటుకొనని బండి వేరు జాతిది. పంపులోని నున్నని భాగములు అరిగినచో, వేడికి పలుచబడిన డీజిలు సందులలో నుండి వెనుకకు జారి, త్రిప్పు వేగమున చాలినంత ఒత్తిడి పుట్టదు. చిన్న లారీలలోని రోటరీ పంపులకు ఇది హెచ్చు. ఇంజను ఆగియుండగా పంపుపై తడిగుడ్డ కప్పి కొంతసేపు ఆగి త్రిప్పినప్పుడు అంటుకొన్నచో అనుమానము బలపడును. నడుచు పంపుపై చన్నీరు కుమ్మరించుట మాత్రము కూడదు; లోపలి భాగములు పట్టుకొనిపోవును. ఇక్కడ మాత్రము పంపు విప్పించు ఖర్చు తప్పదు.

ఇంజను అసలు తిరుగని జబ్బును గూర్చి కొంచెము చెప్పిన చాలును. చాల లారీలలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కూర్చబడి 24 వోల్టులు ఇచ్చును. ముందు దీపములు వెలిగించి తాళము త్రిప్పవలెను. దీపములు పూర్తిగా మసకబారినచో బ్యాటరీ నీరసించినది లేక కొనలు సరిగా అంటుకొనలేదు. దీపములు కాంతి తగ్గక వెలుగుచు సెల్ఫు కదలనిచో తాళము, రిలే, సోలినాయిడు తీగలను చూడవలెను. కొనలపై తెల్లని పొడి పట్టియున్నచో గీకి, వేడినీటితో కడిగి బిగింపవలెను. కొన్నిసార్లు త్రిప్పిన పిమ్మట చేయి పెట్టి చూడగా ఏ కీలు వేడెక్కియుండునో ఆ కీలే దోషి. అందరు మరచునది ఇంజనునకును చట్రమునకును నడుమనున్న ఎర్తు తీగ. బ్యాటరీ క్రొత్తది, సెల్ఫు క్రొత్తది వేసినను తిరుగని బండ్లలో ఆ తీగయే తుప్పుతో తెగియుండుట కలదు. బ్యాటరీపై మంటలు రేపగల వాయువు ఉండును గనుక డ్రైవరు బీడీ ఆర్పిన పిమ్మటనే ఆ ప్రక్కకు పోవలెను. వేడెక్కిన ఇంజను పట్టుకొని ఆగినదను అనుమానమున్నచో సెల్ఫు కొట్టనే కొట్టరాదు. చల్లారనిచ్చి, నూనెను, రేడియేటరు నీటిని చూడవలెను.

మేస్త్రీతో వ్యవహరించునప్పుడు రైతు చేయదగినది యొకటి కలదు. ఏ దినమున, ఎన్ని కిలోమీటర్లకు, ఎత్తులోనా పల్లములోనా, లోడుతోనా ఖాళీగానా, టాంకీ ఎంతవరకు ఉండగా, దగ్గి ఆగెనా తటాలున ఆగెనా, ఎంతసేపటికి మరల అంటుకొనెను అను సంగతులు డ్రైవరు చేత ఒక పుస్తకములో వ్రాయింపవలెను. నాలుగైదు సారులు వ్రాసిన పిమ్మట ఆ కాగితమే జబ్బు పేరు చెప్పును. ఒకసారికి ఒక్క భాగమునే మార్పింపవలెను. ఒకే దినమున ఫిల్టరు, ఫీడు పంపు, నాజిళ్లు మార్చిన బండి బాగుపడినను ఏది మార్చుటచే బాగుపడినదో తెలియదు. మరల చెడినచో మొదటికి వచ్చును. తీసిన పాత సామాను అడిగి తెచ్చుకొనవలెను.

లారీలో ఎల్లప్పుడు ఉంచదగిన సరంజామా స్వల్పము: ఒక ఫిల్టరు, పది రాగి వాషర్లు, రెండు మూరల డీజిలు గొట్టము, దానికి తగు క్లిప్పులు, సరిపడు పానాలు, ఫ్యూజులు, టార్చిలైటు, చక్రములకు వేయు రెండు చెక్కదిమ్మలు, పైని చెప్పిన ఐదు లీటర్ల క్యాను. ఈ క్యానును బస్తాల నడుమ నుంచరాదు. డీజిలు వాసన సోకిన మిరపను కొనువారుండరు.